నాన్నగారి పాత అనలాగ్ మోడల్ రైలింజన్లు, నా డీసీసీ ఇంజన్లు ఒకే లేఅవుట్ మీద నడుస్తాయా?

పెదవాల్తేరు_హెచ్ఓ:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదివి చెప్పండి ప్లీజ్.

మా నాన్న మర్చంట్ నేవీలో ఇంజన్ రూంలో చేసేవారు. 80ల్లో హాంబర్గ్ పోర్టుకి ఓడ వెళ్ళినప్పుడల్లా ఒక హెచ్ఓ సైజు మోడల్ రైలింజన్ కొనుక్కొచ్చేవారు, అలా ఆరు పోగయ్యాయి. మేడ మీద రేకుల గదిలో నాలుగడుగులు ఇంటూ ఎనిమిదడుగుల ప్లైవుడ్ వేసి రెండు లూపులు పరిచారు. 2014 హుద్‌హుద్‌లో ఆ రేకులు లేచిపోయి బోర్డంతా తడిసి ఉబ్బిపోయింది, ఇంజన్లు మాత్రం అమ్మ బీరువాలో చీరల కింద దాచడంవల్ల మిగిలాయి. నాన్న ఇప్పుడు లేరు. పోయినేడాది నుంచి నేను మళ్ళీ అదే సైజులో కొత్త బోర్డు చేసి, రెండు లూపులు వేసి, మధ్యలో ఒక లూపు నుంచి ఇంకోదానికి మారే క్రాసోవర్ పెట్టాను. అమెరికాలో ఉన్న మా బావ తను వాడిన డీసీసీ (పట్టాల గుండా డిజిటల్ మెసేజ్‌లు పంపి ఇంజన్లని నడిపే పద్ధతి) కమాండ్ స్టేషన్, సౌండ్ ఉన్న రెండు డీజిల్ ఇంజన్లు ఇచ్చాడు.

ఇప్పుడు నా బాధలు. కమాండ్ స్టేషన్‌లో అడ్రస్ (ఇంజన్ నంబరు) 0 కొడితే అనలాగ్ ఇంజన్ కూడా నడుస్తుందని బావ చెప్పాడు, నిజంగానే నడిచింది, కానీ నిలబడి ఉన్నప్పుడు కూడా కందిరీగ లాగ ఒకటే గుయ్యిమని మోత, పది నిమిషాలకి పైన బాడీ ముట్టుకుంటే వేడి. భయమేసి తీసేశాను. ఇంకోటి, డీసీసీ ఇంజన్లని నాన్నగారి పాత కంట్రోలర్ మీద పెడితే నాబ్ సగం తిప్పేదాకా ఉలుకూ పలుకూ ఉండదు, తర్వాత ఒక్కసారిగా సౌండ్ వచ్చి ముందుకి దూకుతుంది. మూడోది అసలు ప్రశ్న, బయటి లూపుకి డీసీసీ, లోపలి లూపుకి అనలాగ్ ఇచ్చేసి క్రాసోవర్ మీద అటూ ఇటూ తిప్పుకోవచ్చా? ఒక షాపాయన "ఏం కాదు, ఇచ్చెయ్యండి" అన్నాడు, నాకు నమ్మకం కుదర్లేదు.

నాన్న ఇంజన్లని విప్పి లోపల డీసీసీ మెసేజ్ చదివే డీకోడర్లు పెట్టడం నాకిష్టం లేదు, కనీసం ఇప్పుడే ఇష్టం లేదు. అవి ఆయన చేతిలో ఎలా ఉండేవో అలాగే ఉండాలని.

గాజువాక_సోల్డర్:

అన్నా, మూడో ప్రశ్నకి ముందు సమాధానం: వద్దు. ఆ షాపాయన మాట వినొద్దు. ఎందుకో కింద చెప్తాను, ముందు వేడి సంగతి.

అనలాగ్‌లో పట్టాల మీద 0 నుంచి 12 వోల్టుల డీసీ, ఎంత వోల్టేజీ ఇస్తే అంత స్పీడు, ప్లస్ మైనస్ మారిస్తే వెనక్కి. అంతే. డీసీసీలో అలా కాదు, పట్టాల మీద ఎప్పుడూ ఫుల్ వోల్టేజీ ఉంటుంది, హెచ్ఓకి 14, 15 వోల్టుల దగ్గర, అది ప్లస్ మైనస్ తారుమారవుతూ చదరపు వేవ్‌లాగ వస్తుంది. 1 అనే బిట్‌కి ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు, 0 అనే బిట్‌కి ఒక్కో సగం 100 లేదా ఆ పైన. అంటే సెకనుకి ఐదు వేల నుంచి ఎనిమిదిన్నర వేల సార్లు అటూ ఇటూ. డీకోడర్ ఉన్న ఇంజన్ దాంట్లో తన అడ్రస్‌కి వచ్చిన మెసేజ్ చదువుకుని మోటార్‌కి ఎంత కావాలో అంతే వదులుతుంది. మీ నాన్నగారి ఇంజన్‌లో డీకోడర్ లేదు కాబట్టి ఆ మొత్తం కరెంటు నేరుగా మోటార్ మీద పడుతుంది, మోటార్ అటు తిరగాలో ఇటు తిరగాలో తేలక అక్కడే వణుకుతుంది, మీరు విన్న మోత అదే, ఆ కరెంటంతా వేడైపోతుంది. అడ్రస్ 0 అంటే 0 బిట్‌లో ఒక సగాన్ని సాగదీస్తారు, రూల్స్ ప్రకారం 9900 మైక్రోసెకన్ల దాకా సాగదీయొచ్చు, అప్పుడు ఒక వైపు కొంచెం ఎక్కువ పడి ఇంజన్ కదుల్తుంది. నడుస్తున్నప్పుడు పర్లేదు కొంచెం, నిలబడి ఉన్నప్పుడే ఎక్కువ ప్రమాదం. బయట నుంచి చెయ్యి పెడితేనే వేడి తెలుస్తోందంటే లోపల వైండింగ్ సంగతి ఆలోచించండి.

ఇంకా ముఖ్యంగా, ఆ ఆరింట్లో దేంట్లోనైనా కోర్‌లెస్ మోటార్ ఉంటే జీరో అడ్రస్ మీద పెట్టనే పెట్టకండి, ఇనప కోర్ ఉండదు కాబట్టి కరెంటుని అడ్డుకునేదేం లేదు, నిమిషాల్లో కాలిపోతుంది. లెంజ్, డిజిట్రాక్స్ వాళ్ళ సిస్టమ్స్‌లో ఈ జీరో సదుపాయం ఉంది, బాక్‌మన్ ఈజీ కమాండ్‌లో అదే పనికి అడ్రస్ 10 ఇచ్చారు, కొన్ని కంపెనీలు అసలు ఇవ్వనే లేదు. ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

రెండోది సింపుల్. సౌండ్ డీకోడర్ ఒక చిన్న కంప్యూటర్, అది లేవడానికే ఐదారు వోల్టులు కావాలి. నాబ్ సగం తిప్పేలోపు దానికి మెలకువే రాదు, వచ్చేసరికి మీరిచ్చిన వోల్టేజీ ఎక్కువైపోయి దూకుతుంది. పాత కంట్రోలర్ పల్స్ రకం అయితే డీకోడర్ ఆ పల్సుల్ని చూసి ఇంకా తికమకపడుతుంది.

ఇక మూడోది. రెండు లూపుల మధ్య గ్యాప్ పెట్టినా ఇంజన్ చక్రాలు ఆ గ్యాప్ దాటేటప్పుడు ఒక క్షణం అటు సగం ఇటు సగం ఉంటాయి. ముందు బోగీ డీసీసీ మీద, వెనక బోగీ అనలాగ్ మీద, రెండింటినీ ఇంజన్ లోపలి వైర్లే కలిపేస్తాయి. నేను ఇది నా చేత్తో చేశాను. పట్టాలకి డీసీసీ కరెంటిచ్చే బూస్టర్ షార్ట్ అని ట్రిప్ అయ్యి బతికింది, అనలాగ్ కంట్రోలర్‌లో ట్రాన్సిస్టర్ పోయింది, గదంతా వాసన. ఇంజన్ బతకడం నా అదృష్టం. ఒకవేళ ఏదీ కాలకపోయినా, డీసీసీ ఇంజన్ అనలాగ్ లూపులోకి వెళ్ళగానే ఉత్త డీసీ చూసి, "ఓహో అనలాగ్ అన్నమాట" అనుకుని ఉన్న వోల్టేజీకి తగ్గట్టు పరిగెడుతుంది, మీ చేతిలో థ్రాటిల్ ఏం చెప్పినా వినదు. బోర్డు అంచుకి దగ్గర్లో లైను ఉంటే నేల మీదే తేలేది.

మర్రిపాలెం_లోకోషెడ్:

బాబూ, నేను వాల్తేరు డివిజన్‌లో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు ఇంట్లో మనవడితో హెచ్ఓ నడిపిస్తుంటాను. గాజువాక అబ్బాయి చెప్పింది కరెక్టు. నేను దాన్నే పెద్ద బండి భాషలో చెప్తా.

25 కేవీ లైన్‌లో ఒక సబ్‌స్టేషన్ ఫీడు, పక్క సబ్‌స్టేషన్ ఫీడు వేర్వేరు ఫేజులు. ఇంజన్ మీద పైతీగని తాకే పాంటోగ్రాఫ్ రెండిటినీ ఒకేసారి తాకితే ఏటవుద్దో నీకు తెలుసు. అందుకే మధ్యలో న్యూట్రల్ సెక్షన్, అంటే కరెంటు లేని ముక్క పెడతారు. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు, తర్వాత డీజే ఓపెన్ బోర్డు, డీజే అంటే ఇంజన్ మెయిన్ బ్రేకర్, అక్కడ దాన్ని తెరిచేసి ఊపు మీదే బండి పోవాలి, అవతలికెళ్ళాక డీజే క్లోజ్. ముప్పై ఏళ్ళూ అదే అలవాటు. ముంబై వైపయితే ఒకప్పుడు 1500 వోల్టుల డీసీ, మన 25 కేవీ ఏసీ రెండూ ఉండేవి, రెండింట్లోనూ నడిచే డబ్ల్యూక్యామ్ ఇంజన్లు ఉండేవి. ఆ ఇంజన్ కూడా కరెంటు లేని ముక్క దాటాకే సిస్టమ్ మార్చుకునేది, ఏసీ ఉండగానే డీసీలోకి దూరిపోలేదు.

అంచేత నీ లేఅవుట్‌కి కూడా అదే సూత్రం. లూపుకొకటి కాదు, మొత్తం లేఅవుట్‌కి ఒకేసారి ఒకటే సప్లై. డీపీడీటీ స్విచ్చి, అంటే రెండు వైర్లనీ ఒకేసారి అటో ఇటో మార్చేది, దాంట్లోనూ మధ్యలో పెడితే ఏదీ కలవని సెంటర్ ఆఫ్ ఉన్నది తీసుకో. మధ్య రెండు కాళ్ళు పట్టాలకి, ఒక పక్క రెండు కాళ్ళు డీసీసీకి, రెండో పక్క రెండు అనలాగ్‌కి. సెంటర్ ఆఫే నీ న్యూట్రల్ సెక్షను. మార్చేముందు అనలాగ్ నాబ్ సున్నాకి దించు, డీసీసీ పవర్ ఆపు, స్విచ్చి మధ్యలో పెట్టి రెండు సెకన్లు ఆగు, అప్పుడు అవతలికి తొయ్యి. రెండు పట్టాలూ స్విచ్చి గుండానే పోవాలి, ఒక పట్టా కామన్‌గా వదిలేసి ఒక్కటే స్విచ్చి చేస్తే తప్పు. మీ నాన్నగారి రోజుల్లో లేఅవుట్లకి కామన్ రైల్ వైరింగ్ బాగా వాడేవారు, నువ్వు పాత పద్ధతే దించేసి ఉంటే అది చూసుకో. వైజాగ్ డాబాగార్డెన్స్‌లో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడుగు, 10 ఆంప్స్‌ది అడుగు, బొమ్మలకి వాడే చిన్నది వద్దు.

పెదవాల్తేరు_హెచ్ఓ:

గురువుగారూ, మీరు న్యూట్రల్ సెక్షన్ అన్నాక ఒక్క దెబ్బకి అర్థమైపోయింది. కామన్ రైల్ నిజమే, నాన్న డైరీలో ఉన్న బొమ్మ చూసే వేశాను, మార్చేస్తాను.

కానీ ఒక డౌటు. స్విచ్చి అటు మార్చిన ప్రతిసారీ అవతలి రకం ఇంజన్లన్నీ పట్టాల మీంచి తీసేసుకోవాలా? ఆరింటినీ పదేపదే చేత్తో ఎత్తి పెట్టడమంటే అరిగిపోతాయి కదా, హ్యాండ్‌రైళ్ళు చాలా సన్నం.

కేకేలైన్_అరకు:

ఇక్కడే ఒక తేడా ఉంది, చాలామంది పట్టించుకోరు. రెండు వైపులా ఒకేలాంటి ప్రమాదం కాదు.

డీసీసీ ఇంజన్లకి సీవీ 29 అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మామూలుగా 6 ఉంటుంది, దాంట్లో 4 అనేది "అనలాగ్‌లో కూడా నడువు" అని. ఆ 4 తీసేసి 2 రాస్తే ఇంజన్ డీసీ చూసినా కదలదు, నిలబడి ఉంటుంది. పెద్ద అడ్రస్ వాడుతుంటే ఇంకో 32 కలుస్తుంది, అంటే 38 ఉన్నదాన్ని 34 చెయ్యాలి. రాసేముందు చదవండి, మీ బావ ఏం పెట్టి ఇచ్చాడో తెలీదు కదా. ఇది చేస్తే గాజువాక అన్న చెప్పిన ఆ పరుగు సమస్య కూడా పోతుంది, నా దృష్టిలో అనలాగ్ మీద డీసీసీ ఇంజన్ నడపాల్సిన అవసరమే లేదు, దాని సౌండూ లైట్లూ అన్నీ డీసీసీలోనే బాగుంటాయి. కాబట్టి మీ బావ ఇచ్చిన రెండూ పట్టాల మీదే ఉండొచ్చు, నాన్నగారి ఇంజన్ చుట్టూ తిరుగుతుంటే అవి స్టేషన్‌లో పక్కన ఊరికే నిలబడతాయి.

నాన్నగారి ఇంజన్లు మాత్రం డీసీసీ ఉన్న పట్టా మీద ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. వాటికి సైడింగులు, అంటే ఇంజన్లు పక్కన నిలిపే లైన్లు చేసి, ప్రతి సైడింగ్‌లో ఒక పట్టా కోసి ప్లాస్టిక్ జాయినర్ పెట్టి, మామూలు ఆన్ ఆఫ్ స్విచ్చి ద్వారా కరెంటు ఇవ్వండి. డీసీసీకి మారేముందు అన్నిటినీ సైడింగ్‌లోకి తోలి ఆ స్విచ్చులు ఆపెయ్యాలి. నేను ఆ స్విచ్చుల పక్కన ఎర్ర లైటు పెట్టుకున్నాను, సైడింగ్‌లో కరెంటుంటే వెలుగుతుంది, లేకపోతే మర్చిపోతాం.

ఇంకోటి, డైరెక్షన్ చూసి కంగారు పడకండి. అనలాగ్‌లో ఇంజన్‌ని ఎత్తి తిప్పి పెట్టినా అది అదే దిక్కుకి వెళ్తుంది, ఎందుకంటే దిక్కు పట్టాల ప్లస్ మైనస్‌ది. డీసీసీలో ముందు అంటే ఇంజన్ ముక్కు ఎటుంటే అటు. నిన్నటిదాకా డీసీసీ నడిపిన చెయ్యి ఇవాళ అనలాగ్ నాబ్ పట్టుకుంటే మొదట్లో తప్పకుండా ఎదురు తోలుతుంది.

పెదవాల్తేరు అన్నారు కాబట్టి ఇది కూడా. సముద్రం గాలికి పట్టాల మీద పొర వచ్చేస్తుంది, మా అరకులో లేదు గానీ మా అక్క వాళ్ళు వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటారు, అక్కడ నాలుగు రోజులు వదిలేస్తే లైట్లు మిణుకు మిణుకు. అనలాగ్ ఇంజన్ ఒకసారి కుదుపుతో సర్దుకుంటుంది, సౌండ్ డీకోడర్‌కి మాత్రం కరెంటు రెప్పపాటు పోయినా సౌండ్ ఆగి మళ్ళీ మొదట్నుంచి స్టార్ట్ అవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బట్ట మీద వేసి తుడవండి. ఎమెరీ పేపర్ మాత్రం వద్దు, ఆ గీతల్లోనే మళ్ళీ మురికి కూరుకుంటుంది.

గాజువాక_సోల్డర్:

సీవీ 29 పాయింట్ సూపర్ బ్రో, నేను మర్చిపోయాను.

అన్నా, ఇప్పుడే వద్దన్నారు గానీ ఎప్పటికైనా ఒక ఇంజన్‌కి డీకోడర్ పెట్టాలనిపిస్తే ఒకటి గుర్తుంచుకోండి. 80ల నాటి జర్మన్ ఇంజన్లలో చాలావాటికి మోటార్‌కి కరెంటు అందించే బ్రష్ ఒకటి నేరుగా ఛాసీకే (లోహపు చట్రానికే) తగిలి ఉంటుంది, ఛాసీకి తగిలిందంటే ఒక పట్టాకి తగిలినట్టే. అలాగే డీకోడర్ కలిపితే డీకోడర్ పోతుంది. ముందు మోటార్‌ని ఛాసీ నుంచి పూర్తిగా వేరు చెయ్యాలి, మల్టీమీటర్‌తో ప్రతి బ్రష్‌కీ ప్రతి వైపు చక్రాలకీ మధ్య చెక్ చెయ్యండి, ఎక్కడా బీప్ రాకూడదు. తర్వాత 12 వోల్టులిచ్చి షాఫ్ట్‌ని ఒక్క క్షణం వేలితో ఆపి ఎంత ఆంప్స్ లాగుతుందో చూడండి, అది డీకోడర్ రేటింగ్ లోపల ఉండాలి, పాత మోటార్లు ఎక్కువ తాగుతాయి. వైర్లు ఎర్రది కుడి పట్టా, నల్లది ఎడమ పట్టా, నారింజ, బూడిద రంగు రెండూ మోటార్‌కి, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లకి కామన్ ప్లస్. అయ్యాక తిన్నగా మెయిన్ లైన్ మీద పెట్టకుండా ముందు సెట్టింగులు రాయడానికి వాడే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టి అడ్రస్ చదివించండి, అక్కడ కరెంటు తక్కువ కాబట్టి తప్పు వైరింగ్ ఉన్నా డీకోడర్ బతికే ఛాన్స్ ఉంటుంది. పాత బ్రష్ ప్లేటు, స్క్రూలు ఒక కవర్లో వేసి పేరు రాసి పెట్టుకుంటే ఎప్పుడైనా మళ్ళీ మొదటిలాగ చేసుకోవచ్చు, అది మీకు ముఖ్యం అనుకుంటా.

స్టీల్‌ప్లాంట్_టౌన్‌షిప్:

నేను ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని, డబ్బుల్లేక డీసీసీ-ఈఎక్స్ అనే మనమే చేసుకునే కమాండ్ స్టేషన్ చేసుకున్నాను, ఆర్డ్వీనో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద పట్టాలకి కరెంటిచ్చే మోటార్ షీల్డ్, ఫోన్లో ఇంజన్ డ్రైవర్ యాప్, అంతే. దాని వెర్షన్ 5లో ట్రాక్ మేనేజర్ అని వచ్చింది, షీల్డ్‌లో రెండు ఔట్‌పుట్లుంటాయి కదా, ఏది డీసీసీ ఇవ్వాలో ఏది అనలాగ్ డీసీ ఇవ్వాలో సాఫ్ట్‌వేర్‌లోనే మార్చుకోవచ్చు, అనలాగ్ ఇంజన్‌ని కూడా అదే ఫోన్ నుంచి నడపొచ్చు. స్విచ్చి పెట్టే పని తగ్గుతుంది. కాకపోతే అది ఇచ్చే డీసీ పల్సుల రూపంలో ఉంటుంది కాబట్టి కోర్‌లెస్ వాటికి నేనైతే పెట్టను. ఒక ఔట్‌పుట్ డీసీసీ, రెండోది డీసీగా ఉన్నప్పుడు రెండు లూపుల మధ్య ఇంజన్ దాటించకూడదు అనేది మాత్రం ఇక్కడ కూడా అంతే, తాతగారు చెప్పిందే.

మర్రిపాలెం_లోకోషెడ్:

బాగుంది బాబూ, మా రోజుల్లో ఇవన్నీ లేవు. పెదవాల్తేరు అబ్బాయ్, ఒకటడగడం మర్చిపోయాను. మీ నాన్నగారు జర్మనీలో కొన్నారన్నావు. ఆరింటినీ తిరగేసి కింద చూడు. ఏదైనా ఇంజన్ పొట్ట కింద పొడుగాటి రేకులాంటి స్లైడర్ ఉంటే అది మార్క్లిన్ పద్ధతి, మధ్యలో మూడో కాంటాక్టు ఉన్న ఏసీ ట్రాక్‌ది. దాని చక్రాలకి రెండు పక్కల మధ్య ఇన్సులేషన్ ఉండదు, మన రెండు పట్టాల మీద పెడితే పెట్టగానే షార్టు.

పెదవాల్తేరు_హెచ్ఓ:

రెండు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా. కామన్ రైల్ తీసేసి రెండు పట్టాలకీ వేర్వేరు వైర్లు లాగాను, సెంటర్ ఆఫ్ స్విచ్చి పెట్టాను, మూడు సైడింగులు కోసి ఎర్ర లైట్లు పెట్టాను. డీజిల్ రెండింటికీ సీవీ 29 చదివితే ఒకదాంట్లో 6, ఇంకోదాంట్లో 38 ఉంది, 2, 34 రాశాను. పాత కంట్రోలర్ పక్కన పెట్టి ఇంకొక మామూలు డీసీ కంట్రోలర్ తెచ్చాను. నిన్న సాయంత్రం నాన్న ఆవిరింజన్ ఒకటి లోపలి లూపులో ఇరవై నిమిషాలు తిరిగింది, చెయ్యి పెట్టి చూశా, గోరువెచ్చగా కూడా లేదు, మోత లేదు. డీజిల్ రెండూ బయటి లూపులో కదలకుండా నిలబడ్డాయి. అమ్మ పైకొచ్చి కుర్చీ వేసుకుని కూచుంది, ఆ ఇంజన్ నాన్న మొదటి ట్రిప్పులో తెచ్చిందని నాకు నిన్ననే తెలిసింది.

గురువుగారూ మీరన్నట్టు తిరగేసి చూస్తే ఆకుపచ్చ ఎలక్ట్రిక్ ఇంజన్ కింద స్లైడర్ ఉంది. చిన్నప్పుడు అది ఎప్పుడూ నడవకపోవడం చూసి పాడైపోయిందనుకునేవాణ్ణి, నాన్న కూడా అలాగే అనుకున్నట్టున్నారు, డైరీలో దాని పక్కన "మోటార్ ప్రాబ్లం" అని రాసుంది. ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తర్వాత, ముందు ఆ మూడో కాంటాక్టు ఉన్న ట్రాక్ ముక్కలు వైజాగ్‌లో ఎవరి దగ్గరైనా ఉన్నాయా? ఒక్క మూడడుగులు చాలు, అది కదిలితే చూడాలని ఉంది.

మర్రిపాలెం_లోకోషెడ్:

నా దగ్గర తిన్నని ముక్కలు నాలుగున్నాయి, పాత ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంది, అది మాత్రం ముందు మీటర్ పెట్టి చూశాకే కలుపుదాం, ఆ రోజుల్లో 220కి చేసినవి, ఇప్పుడు మన ఇళ్ళల్లో వోల్టేజీ అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆదివారం పొద్దున్న ఇంజను పట్టుకుని రా. అమ్మగారికి ఓపికుంటే ఆవిడని కూడా తీసుకురా.